బుధుణ్ణి చూడబోయిన సునిల్దా వదిన

మా సునిల్దా వదిన గురించి ఊళ్లో ఎవరినడిగినా ముందు గ్రహణం సంగతే చెబుతారు. అది చెప్పకపోతే వాళ్లకి తిన్నది అరగదు. కాబట్టి ఆ ముచ్చట నేనే ముందు చెప్పేస్తాను, ఒక పనైపోతుంది.

ఆరేళ్ల కిందట మా ఎల్కీ లోయలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి, ఒక్క వీధి, ఒక్క చర్చి మాత్రమే ఉన్న మా లాస్ ఇగెరాస్‌లో కూడా గుడారాలు వేసుకున్నారు. ఇంతమంది వస్తే వాళ్ల ఆకలి ఎవరు చూస్తారు? మా వదిన చూస్తుంది. చర్చి ముందు పొయ్యి పెట్టి, గుమ్మడి గుజ్జు కలిపిన పిండి బిళ్లలు చేసి, నూనెలో సొపైపియాలు వేయించడం మొదలుపెట్టింది. ఆవిడ చేతి సొపైపియాలు తిన్నవాడు ఒకదానితో ఆగడు. ఉన్నట్టుండి చీకటి పడింది. జనం కేకలు పెట్టారు, కొందరు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చారు, కుక్కలు మంచాల కింద దూరాయి. మా వదిన బాణలి మీద నుంచి తల ఎత్తకుండానే, "ఎవరయ్యా, వెలుతురుకి అడ్డం నిలబడింది?" అని కసిరింది. ఆవిడ తల ఎత్తేసరికి సూర్యుడు ఎప్పటిలాగే ఉన్నాడు. సొపైపియాల్లో మాత్రం ఒక్కటీ మాడలేదు.

"రాత్రిలాగా కాసేపు ఉంటుందనుకున్నాను నోల్ఫా. ఈ వాయి దించేసి చూద్దాంలే అనుకున్నాను," అంది ఆ రోజు నాతో. నేను నవ్వాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ గిన్నెలు తోముతూ మాటిమాటికీ తలెత్తి ఆకాశం వైపు చూసింది. అది నేను చూశాను.

మా అన్నయ్య ఎవారిస్తోని చేసుకుని ఈ ఊరు వచ్చిన రోజు నుంచి ఆవిడ బతుకంతా ఇదే వరస. తన పెళ్లివిందులో తనే పులుసు కలియబెట్టింది. కొడుకు బాప్తిస్మం రోజున బిడ్డ తల మీద పాదిరి నీళ్లు పోస్తుంటే, ఈవిడ పొయ్యిలో రొట్టెలు చూసుకుంటోంది. బలవంతం ఎవరూ పెట్టలేదు. పక్కవాడు ఆకలితో ఉంటే ఆవిడకి కాలు నిలవదు, అంతే. ఊరంతా దాన్ని మంచితనం అంటుంది, నేను పిచ్చితనం అంటాను. అయినా మా వదినంటే నాకు ప్రాణం.

ఆ గ్రహణం కథ ఊరికి పంచిపెట్టిన ఘనుడు రెమీహియో మామ. మేకల కాపరి. మోకాళ్లు అరిగిపోయి వేసవిలో పై కొండలకి మంద తోలుకెళ్లే ఓపిక లేక, ఊరి పక్కనే నాలుగు మేకలు పెట్టుకుని, మిగిలిన బలమంతా నోట్లో దాచుకున్న మనిషి. మా వదిన కనబడితే చాలు, "అమ్మాయ్, నువ్వు చూడలేదు గానీ..." అని మొదలుపెట్టేవాడు. సూర్యుడి చుట్టూ వెండి జుట్టు లేచిందనేవాడు. మేకలు బారులు తీరి దొడ్లోకి నడిచాయనేవాడు. ఆరేళ్లలో ఆ జుట్టు పెరుగుతూ వచ్చింది. వదిన జున్ను కోస్తూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది.

ఇంతలో ఈ వేసవి చివర రేడియోలో చెప్పారు. ఐదు గ్రహాలు ఒకే సాయంత్రం ఆకాశంలో ఒక గీత మీద నిలబడతాయట. బుధుడు, శుక్రుడు, శని పడమట కింద నుంచి పైకి, గురుడు ఉత్తరాన నడినెత్తిన, కుజుడు ఈశాన్యాన. అద్దాలేవీ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. కానీ అన్నిటికంటే కింద ఉండే బుధుడు ఎక్కువసేపు ఉండడు, పొద్దు గుంకాక అరగంటకి చూడాలి, పూర్తిగా చీకటి పడేదాకా ఆగితే దిగిపోతాడు అని హెచ్చరించారు.

ఆ చివరి మాట మా వదిన గుండెలో దిగింది. "విన్నావా? ఆగితే దిగిపోతాడట," అంది నాతో. "ఈసారి నేను ఆగను. ఆ రోజు పొయ్యి వెలిగించను. ఎవడు ఆకలని చచ్చినా సరే."

"ఎవడూ చావడు వదినా. అందరికీ చేతులున్నాయి."

"మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం అని పుట్టినప్పట్నుంచీ వాళ్ల పేర్లు పిలుస్తూనే ఉన్నాను. ఒక్కడి మొహమైనా ఎరుగుదునా? శుక్రుడొక్కడే, అదీ సాయంత్రపు చుక్క అనుకుని."

ఇక ఏర్పాట్లు చూడాలి. చర్చి ముందున్న దీపస్తంభాలకి పిండి సంచులు తొడిగింది. మా అన్నయ్య నిచ్చెన పట్టుకుని, "దీన్ని పట్టుకోవడానికి కూడా ముహూర్తం ఉందా?" అని సణుగుతుంటే తనే ఎక్కి కట్టింది. వెలుతురు పడితే చీకటికి అలవాటైన కళ్లు చెడతాయని రేడియోలో చెప్పారని, ఊళ్లో ఉన్న టార్చిలన్నిటికీ మిఠాయిపొట్లాల ఎర్ర కాగితం చుట్టింది. చూపుకి మంచిదని మా అన్నయ్య చేత క్యారెట్లు తినిపించింది. పాపం ఆయన కొరుకుతూ, "నాకు ఇప్పటికే అన్నీ కనిపిస్తున్నాయి, అదే నా బాధ," అన్నాడు. దుమ్ము లేవకుండా కాలువ నుంచి బకెట్లతో నీళ్లు మోసి వీధి తడిపింది. అప్పుడు గుర్తొచ్చింది, సాయంత్రం వీధిలో దుమ్ము లేపేది బండ్లు కాదు, రెమీహియో మామ మేకలు అని.

"మామా, ఆ ఒక్క రోజు మంద ముందే దొడ్లో పెట్టెయ్," అని అడిగింది.

"మేకలకి రేడియో వినే అలవాటు లేదమ్మాయ్. పొద్దుండగా దొడ్లోకి రమ్మంటే నన్ను తంతాయి."

"నీకు జున్నుతో నింపిన రొట్టెలు చేసి పెడతాను."

"ఆ రోజు పొయ్యి వెలిగించనని ఊరంతా చెప్పావ్ కదా!"

"తర్వాతి రోజు."

మామ గడ్డం గోక్కున్నాడు. "సరే, తోలుతాను. కానీ అంత వెలుతురులో నీకేం కనిపిస్తుందే? పొద్దు గుంకిన అరగంటకి ఇంకా సూదిలో దారం ఎక్కించొచ్చు."

"చీకటి పడకముందే చూడాలని రేడియోలో చెప్పారు. తెలిసినవాళ్లు చెప్తారు గానీ, నీలాగా మేకల్ని అడిగి చెప్పరు."

ఇక్కడే ఉంది చిక్కంతా. మాది ఇరుకు లోయ. పడమట బోడికొండ అడ్డం. సూర్యుడు దాని వెనక్కి వెళ్లి, నీడ వచ్చి చర్చి గోడని తాకితే మాకు పొద్దు గుంకినట్టు. కాలువలో నీళ్ల వంతు ఒక తోట నుంచి ఇంకో తోటకి మారేది అప్పుడే, మేము టీకి కూర్చునేదీ అప్పుడే. మా తాతల కాలం నుంచి ఇదే లెక్క. లోకంలో మిగతా జనానికి పొద్దు వేరేచోట గుంకుతుందని మాలో ఎవరికీ తట్టలేదు, నాతో సహా. ఆ రోజు నీడ గోడెక్కగానే ఊరంతా కుర్చీలు, దుప్పట్లు మోసుకుంటూ చర్చి ముందుకు చేరాం. మా వదిన శుభ్రమైన గౌను వేసుకుని, జుట్టు దువ్వుకుని, ఖాళీ చేతులతో ముందు వరసలో కూర్చుంది. ఆవిడని ఖాళీ చేతులతో చూడటం మాకు కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

అరగంట గడిచింది. ఆకాశం కడిగిన నీలంగా ఉంది, ఒక్క చుక్క కూడా లేదు. బోడికొండ మీద కొండమేక ఉంటే దాని గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టేంత వెలుతురు ఉంది.

"సునిల్దా, ఐదుగురిలో ఒక్కడైనా వస్తాడా, లేక టీ తాగి వద్దామా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఈసారి వెలుతురుకి అడ్డం ఎవరూ నిలబడలేదు, అదే వచ్చిన చిక్కు!" అని ఇంకొకరు అందుకున్నారు. అందరూ పగలబడి నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి నోట్లో ఏం కుక్కాలా అని చూస్తున్నాను. మా వదిన మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. మెడ తిప్పి తూర్పు వైపు చూస్తోంది. అటు పెద్ద కొండల శిఖరాలు ఇంకా ఎర్రగా, ఎండలో మెరుస్తున్నాయి.

"నోల్ఫా," అంది నెమ్మదిగా, "ఆ ఎండ ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి, సూర్యుడిది."

"మరి సూర్యుడు గుంకితే అక్కడ ఎండెలా వస్తుంది?"

నేనూ ఆ శిఖరాల వైపు తిరిగాను. ఆవిడ లేచి నిలబడింది. "ఓరి దేవుడా! పొద్దు ఇంకా గుంకలేదు! గుంకింది మన ఊళ్లోనే! వాళ్లు చెప్పింది అసలు పొద్దు!" అని అరిచి, నెత్తి కొట్టుకుని, తర్వాత తనే పొట్ట పట్టుకుని నవ్వింది. "నేనొక మొద్దుని, నా మాట విని వచ్చిన మీరు నాకంటే పెద్ద మొద్దులు!"

నవ్వు ఆగాక అసలు కష్టం తెలిసింది. చీకటి పడేదాకా ఇక్కడే కూర్చుంటే శుక్రుడు, గురుడు కనిపిస్తారేమో గానీ, కింద ఉన్న బుధుడు ఈపాటికే బోడికొండ వెనకాల ఉంటాడు. ఎన్ని పిండి సంచులు కట్టినా కొండకి కట్టలేం. బుధుడు కావాలంటే కనుమ ఎక్కాలి. అక్కడ పడమర సముద్రం దాకా తెరుచుకుని ఉంటుంది. మా అన్నయ్య పికప్ బండి ఉంది, ఇంకో రెండు బండ్లు ఉన్నాయి. అసలు పొద్దు గుంకేలోపు చేరొచ్చు.

"అంతదూరమా? ఖాళీ కడుపుతోనా?" అని గొణుగుడు మొదలైంది. అందరూ టీ తాగకుండా వచ్చారు మరి. "సునిల్దా, ఎలాగూ టైముందిగా, నాలుగు సొపైపియాలు వేయించి తెస్తే దారిలో తింటాం. నీ చేతికి అదెంత పని?"

మా వదిన చూపు తన ఇంటి వైపు తిరిగింది. చెయ్యి నడుము దగ్గర ఏప్రన్ ముడి కోసం వెతికింది. "పిండి కలిపే ఉంది..." అంది. చూశారా! పొయ్యి వెలిగించనని ఒట్టు పెట్టుకున్న మనిషి పిండి కలిపి పెట్టుకుంది!

"వదినా, ఇంట్లో అడుగుపెట్టావంటే కాళ్లు విరగ్గొడతాను," అన్నాను. "రొట్టె ఉంది, జున్ను ఉంది, ఎండిన అత్తిపళ్లు ఉన్నాయి. ఎవరింట్లోది వాళ్లు తెచ్చుకుంటారు. లేకపోతే పస్తుంటారు. ఒక్క పూటకి ఎండిపోరు."

"పిల్లలు ఉన్నారే..."

"పిల్లలకి తల్లులున్నారు. నువ్వు బండెక్కు."

ఎక్కబోతుంటే వీధి చివర నుంచి గోల. మేకలు! పొద్దుండగా దొడ్లో పెట్టారని వాటికి కోపమొచ్చి, తడిక తోసేసి, పక్కనే కోతకొచ్చిన ద్రాక్షతోటలో పడ్డాయి. రెమీహియో మామ మోకాళ్లు పట్టుకుని కుంటుతూ, మేకల తల్లుల్ని, తాతల్ని, రేడియోవాళ్లని కలిపి తిడుతున్నాడు. మా వదిన మొహం వాడిపోయింది. "నా మూలంగానే కదా," అని గౌను కాస్త పైకి పట్టుకుని తోట వైపు పరుగు తీసింది. నేను వెనకాలే పరుగెత్తాను. కనుమ, బుధుడు, అంతా అయిపోయిందనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది నాకు.

ఆపింది మామే. తీగల మధ్య నుంచి కర్ర ఊపుతూ, "ఎక్కడికే వస్తున్నావ్? వెనక్కి పో!" అని అరిచాడు.

"ఒక్కడివి ఎలా పడతావు మామా?"

"నా మేకలు, నా తిప్పలు! మళ్లీ చూడలేదనుకో, ఇంకో ఆరేళ్లు నీకు నేనే చెప్పాలి. నా వల్ల కాదు, గొంతు పోయింది! పో, ఎక్కు బండి! ఎవారిస్తో, లాక్కెళ్లవయ్యా నీ పెళ్లాన్ని!"

మా అన్నయ్య పెళ్లయ్యాక ఎన్నడూ ఆవిడ చెయ్యి పట్టుకుని నలుగురిలో నడిచి ఎరుగడు. ఆ రోజు పట్టుకుని నడిపించుకొచ్చి, బండి ముందు సీట్లో కూర్చోబెట్టి, తలుపు తనే వేశాడు. నేను వెనక ట్రాలీలో పిల్లాజెల్లా మధ్య ఇరుక్కున్నాను.

కనుమ చేరేసరికి అసలు సూర్యుడు దూరాన సముద్రపు పొగమంచు మీద ఆని ఉన్నాడు. మేమంతా వరసగా నిలబడి ఆయన మునిగిపోయేదాకా చూశాం. ఇన్నేళ్లలో ఎప్పుడూ మాకు పొద్దు గుంకడం అలా కనిపించలేదు. మాకు అది కొండ దాటడమే. గాలి ఆగింది. బండ్ల దీపాలు ఆర్పేశాం. మొదట శుక్రుడు, అదీ మా వదిన చెప్పకముందే అందరికీ కనిపించాడు. నెత్తి మీద గురుడు వెలిగాడు. కాసేపటికి ఈశాన్యాన ఎర్రగా కుజుడు. శుక్రుడికి కొంచెం పైన శని, మసక మసగ్గా. వేలితో చూపిస్తూ పోతే నిజంగానే ఒక గీత. ఇక మిగిలింది బుధుడు.

అందరం కళ్లు చికిలించుకుని అడుగున వెతుకుతున్నాం. ఆ సమయంలోనే పొరుగింటి చిన్నపిల్ల మా వదిన గౌను పట్టుకుని లాగింది. "అమ్మమ్మా, రొట్టె."

వదిన తల అప్పటికే కిందికి వంగింది. చేతులు పక్కనున్న రొట్టెల సంచీ వైపు వెళుతున్నాయి. నేను రెండు చేతులూ గట్టిగా పట్టేసుకున్నాను.

"వదలవే! పిల్లకి ఆకలి!"

"పిల్ల చావదు. పైకి చూడు."

"ఒక్క ముక్క తుంచి ఇచ్చి..."

"ఈ వాయి దించేసి చూద్దామనుకున్నావా?" అన్నాను.

ఆ మాట తగిలింది. చేతులు లాక్కోవడం మానేసింది. తల ఎత్తింది. ఆవిడ చేతుల్లో నాడి కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. అప్పుడు, నారింజ రంగు ఇంకా పోని చోట, నేలకి ఆనుకుని ఉన్న మసకలోకి చూస్తూ, ఆవిడ నా అరచేతిలో వేళ్లు బిగించింది.

"అదుగో," అంది.

"ఎక్కడ?"

"ఆ రాతి మొన పక్కన. నూనె కాగేటప్పుడు అడుగు నుంచి మొదటి బుడగ లేస్తుందే, అంత."

అంతే ఉన్నాడు. చిన్నగా, వణుకుతూ. ఆవిడ చూపించాకే మాకందరికీ కనిపించాడు. రొట్టె అడిగిన పిల్ల కూడా నోట్లో వేలు పెట్టుకుని చూస్తోంది. మా వదిన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు నా దగ్గర ఉన్నాయి కదా, అందుకని కారనిచ్చింది. బుధుడు రాతి మొన వెనక్కి దిగిపోయేదాకా కన్ను మరల్చలేదు.

"చూశాను," అంది చివరికి. "నేనే చూశాను." తర్వాత, "ఇంక వదలవే, చేతులు తిమ్మిరెక్కాయి," అంది. వదిలేశాను. పిల్లకి రొట్టె తుంచి ఇచ్చింది.

మేము దిగొచ్చేసరికి పిండి సంచులు కట్టిన దీపాల కింద, చర్చి మెట్ల మీద, రెమీహియో మామ కూర్చుని ఉన్నాడు. మేకలన్నీ దొరికాయి. మోకాళ్లు మాత్రం ఆయన మాట వినడం లేదు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి పక్కనే పెట్టుకున్నాడు, పాపం.

అందరూ ఇళ్లకి పోతూ, "సునిల్దా, ఇప్పుడైనా ఏమైనా వేయిస్తావా?" అని అడిగారు. ఆవిడకి వినబడలేదు. వినబడనట్టు నటించే మనిషి కాదు, నిజంగానే వినబడలేదు. నేరుగా వెళ్లి మామ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మామా," అంది, "నువ్వు చూడలేదు గానీ..."

మామ ఒక్క క్షణం ఆవిడ వైపు చూశాడు. ఆయన పెదవి కొస నవ్వులోకి వంగింది. కాళ్లు చాపుకుని, వెనక్కి ఆనుకుని, "చెప్పు," అన్నాడు.

చెప్పింది. సూర్యుడు సముద్రంలోకి దిగడం దగ్గర మొదలుపెట్టి, శుక్రుడు, గురుడు, కుజుడు, శని అందరినీ వరసలో నిలబెట్టి చెప్పింది. బుధుడి దగ్గరికొచ్చేసరికి ఆయన బుడగంత నుంచి ద్రాక్షపండంత అయ్యాడు. నేను సరిదిద్దబోతే మామ కర్రతో నా కాలు పొడిచాడు. రెమీహియో మామ నోరు మూసుకుని ఒకరి మాట అంతసేపు వినడం నేను పుట్టాక చూడలేదు. అంతా అయ్యాక, "ఆ రాతి మొన ఏ పక్కన?" అని అడిగాడు. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

మధ్యలో మా అన్నయ్య ఇంట్లోకి వెళ్లి, మిగిలిన రొట్టె తెచ్చి, జున్ను వంకరటింకరగా కోసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఏం తింటోందో చూసుకోకుండా తింటూ చెప్పుకుంటూ పోయింది. కలిపి పెట్టిన పిండి పొద్దున్నకి పులిసిపోయింది, కోళ్లకి వేశాం. ఆ రాత్రి మా వదిన ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎవరూ చనిపోకుండా ఆ ఇంట్లో పొయ్యి వెలగకపోవడం అదే మొదటిసారి.